అర అంగుళం

అక్కడ వేగాస్‌లో రాత్రి ఎనిమిదిన్నర అయితే
ఇక్కడ సఫిల్‌గూడలో కత్తెరకు నూనె పెట్టే వేళ.
దారపు ఉండలకు ఆనించి
ఫోను నిలబెడతాను, గొంతు నొక్కేసి.
మాటలు నాకెందుకు,
భుజాలు కనిపిస్తే చాలు.

తొమ్మిదిమంది కూర్చుంటారు
కోట్ల విలువచేసే బిళ్ళల గుట్టల వెనక.
నల్లకళ్ళద్దాల కుర్రాడొకడు గంటసేపు రాయిలా ఉంటాడు.
వాడికి చంకలో కుట్టు విడిపోయింది.
చెయ్యి చాపి బిళ్ళలు తోసినప్పుడల్లా ఇంకో పోగు తెగుతుంది.
రెండు నిమిషాలు విప్పివ్వు నాయనా, అనబుద్ధవుతుంది నాకు.

తెరమీద అందరి ముక్కలూ మనకు కనబడతాయి,
పక్కనే శాతాలు కూడా:
ఇతనికి డెబ్భై ఒకటి, అతనికి ఇరవై తొమ్మిది.
గెలిచే ముక్కల్ని పారేస్తే తిడతాను పళ్ళమధ్య సూదితోనే.
అన్నీ కనబడేవాడికి
తిట్టడానికేం.

శనివారం రాత్రి మా లీగు.
షట్టరు సగం దించి, కటింగు బల్లమీద దుప్పటి పరిచి
ఏసీలు బాగుచేసే ముస్తాక్,
మెట్రో నడిపే ఎల్లేశం,
చర్చిలో పాట నేర్పే ఎడ్విన్ సారు,
ఉత్తరాలు పంచే భాగ్యలత, నేను.
పైసల్లేవు. గుండీలే.
చొక్కా గుండీ పది, ప్యాంటుది వంద,
కోటు గుండీ వెయ్యి.
"పోలీసులొస్తే ఏం పట్కపోతరు, కాజాలా?" అంటాడు ముస్తాక్
ప్రతి శనివారం, మొదటిసారి అన్నట్టే.
పాయింట్లు క్యాలెండరు వెనక.
ఏడాది గెలిచినవాళ్ళకు ఒక ఇత్తడి అంగుస్తానా,
మళ్ళీ ఏడాదిదాకా ఇంట్లో పెట్టుకోవచ్చు.

నిన్న ఆఖరి శనివారం.
ఎల్లేశం పోయాడు, సారు పోయాడు,
ముస్తాక్ పోయి చాయ్ పెట్టడానికి లేచాడు.
నా చేతిలో ఇద్దరు రాణులు.
బల్లమీద ఇస్పేటు తొమ్మిది, ఆఠీను నాలుగు, డైమండు రెండు,
కళావరు జాకీ,
చివర ఇంకో నాలుగు, ఇస్పేటుది.

భాగ్యలత తన గుండీలన్నీ
రెండు చేతులా ముందుకు నెట్టింది.
కోటు గుండీ ఒకటి దొర్లి నా మోకాలి దగ్గర ఆగింది.

నేను ముఖం చూడను. ముఖం నేర్చుకుంటుంది.
భుజం చూశాను.
ఎడమది దిగింది, అర అంగుళం, పూర్తిగా అర అంగుళం.
ఇరవై ఆరేళ్ళుగా మెడలో టేపు వేసుకున్నవాణ్ణి,
ఊపిరి బిగబట్టినవాళ్ళెవరో
పొట్ట దగ్గరే పట్టేస్తాను.
భయం, అనుకున్నాను. ఉత్త బెదిరింపు.
"చూపియ్యమ్మా" అన్నాను.

చూపించింది.
ఆసు. కళావరు నాలుగు.

ముస్తాక్ గ్లాసులు దించకుండా నవ్వాడు.
ఆమె నవ్వలేదు, అంగుస్తానాను చిటికెనవేలికి తొడిగి చూసుకుని
"వదులైంది" అంది.

పొద్దున ఫోను వెలిగింది గానీ చూడలేదు.
కొలతల పుస్తకం తీశాను, రెండేళ్ళ కిందటిది.
భాగ్యలత, పోస్టు, ఖాకీ చొక్కా రెండు.
ఛాతీ ముప్పైఎనిమిది. చెయ్యి పొడుగు ఇరవైన్నర.
కింద నా అక్షరాలే, పెన్సిలుతో:
ఎడమ భుజం అర అంగుళం కిందికి,
సంచీ మోసే వైపు.

కొంకికి ఆమె కొత్త ఖాకీ చొక్కా వేలాడుతోంది,
మొన్న బుధవారం కత్తిరించింది,
రెండు భుజాలూ సమానంగా.

వేగాస్‌లో ఇంకా ఇద్దరే మిగిలారట.
ఎవరు గెలిచారో సాయంత్రం ఎల్లేశం చెబుతాడులే.
ఎడమ చెయ్యి కుట్టు విప్పుతున్నాను,
ఒక్కో పోగూ,
బట్ట చిరగకుండా.